పిల్లల బరువు: కంచం కన్నా ముందు మనసు చూద్దాం



హెల్త్ చెకప్ రిపోర్టులు ఇళ్లకు పంపిన వారంలో మా కౌన్సెలింగ్ గదికి ఏటా ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "మేడమ్, మావాడి బరువు దగ్గర గీత పెట్టి పంపారు. రాత్రిపూట అన్నం మానేయించమంటారా? చపాతీ పెట్టమంటారా?" అని అడుగుతారు. కొందరు అడగకుండానే మొదలుపెట్టేస్తారు. పొద్దున టిఫిన్ తీసేసి రాగిజావ, లంచ్ బాక్సులో రెండు పుల్కాలు, సాయంత్రం గ్రీన్ టీ. మూడో రోజుకల్లా పిల్లవాడు పక్కవాడి బాక్సులోని పులిహోర తింటూ కనిపిస్తాడు. నాలుగో రోజు ఇంట్లో అబద్ధం చెబుతాడు. ఇక్కడ బరువు సమస్యకు ఇంకో సమస్య తోడైంది.

ఏం పెట్టాలో చెప్పేవాళ్లు మన ఊళ్లనిండా ఉన్నారు. ఎప్పుడు తింటున్నాడు, ఎందుకు తింటున్నాడు, తినేటప్పుడు వాడి మనసు ఎలా ఉంది అని అడిగేవాళ్లే తక్కువ. ఊబకాయానికి మానసిక చికిత్స అంటే మొదట ఈ ప్రశ్నలు అడగడం. మనసు డాక్టరు అనగానే "మా పిల్లకేం పిచ్చా?" అని ఉలిక్కిపడకండి. ఇది అలవాట్లకు చేసే వైద్యం. అరవై ఏళ్లకు దగ్గరగా పరీక్షలకు నిలబడి వస్తున్న వైద్యం.

ముందు అంకెలు సరిగా చదువుదాం

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది, పురుషుల్లో 31.1 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశం మొత్తానికి ఈ అంకెలు 24, 22.9 శాతం మాత్రమే. గమనించండి, ఇవి పిల్లల అంకెలు కావు, మనవి. పిల్లవాడి రిపోర్టు చేతిలో పట్టుకుని వాడి మీద కోప్పడే ముందు ఇంట్లో అందరూ ఒకసారి బరువు చూసుకోవడం న్యాయం.

పెద్దవాళ్ల బీఎంఐ లెక్కను పిల్లలకు అలాగే వాడకూడదు. వయసునుబట్టి, ఆడా మగా అన్నదాన్నిబట్టి అది మారుతుంది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం, 5 నుంచి 18 ఏళ్ల వరకు, ప్రత్యేకంగా చార్టులు తయారుచేసింది. పెద్దవాళ్లలో 23, 27 బీఎంఐలకు సమానమైన గీతలు అందులో ఉంటాయి. మొదటి గీత దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. మీ పిల్లల డాక్టరును ఆ చార్టు మీదే చుక్క పెట్టి చూపించమనండి. ఎదిగే వయసులో చాలామంది పిల్లలకు బరువు తగ్గాల్సిన అవసరమే ఉండదు. బరువు అక్కడే ఆగి ఎత్తు పెరిగితే చార్టులో చుక్క తనంతట తానే కిందికి దిగుతుంది.

"థైరాయిడ్ ఏమో!" అన్న అనుమానం ప్రతి ఇంట్లోనూ వస్తుంది. బరువుతోపాటు ఎత్తు కూడా బాగా పెరుగుతున్న పిల్లల్లో హార్మోన్ల లోపం అరుదు. వయసుకు తగ్గ ఎత్తు లేకుండా బరువు మాత్రం పెరుగుతుంటే తప్పక పరీక్ష చేయించాలి. ఆ సంగతి డాక్టరుకు వదిలేసి మనం అలవాట్ల దగ్గరికి వద్దాం.

పిల్లవాడికి వైద్యం, పాఠం మాత్రం పెద్దలకు

1967లో రిచర్డ్ స్టూవర్ట్ అనే అమెరికన్ పరిశోధకుడు బరువు తగ్గలేక విసిగిపోయిన కొందరికి కొత్త పద్ధతిలో సాయం చేశాడు. డైట్ చీటీ ఇచ్చి పంపేయలేదు. ఏం తిన్నారో, ఎప్పుడు, ఎక్కడ తిన్నారో రాయమన్నాడు. ఇంట్లో ఒకే చోట కూర్చుని తినమన్నాడు. తినేటప్పుడు ఇంకో పని పెట్టుకోవద్దన్నాడు. చికిత్స పూర్తిచేసిన ఎనిమిది మందీ తగ్గారు. ఎనిమిది మంది చాలా చిన్న లెక్కే, కానీ దారి అక్కడ మొదలైంది.

ఆ దారిని పిల్లల వైపు తిప్పినవాడు లియొనార్డ్ ఎప్‌స్టీన్. ఆయన బృందం ఊబకాయం ఉన్న పిల్లల కుటుంబాలను మూడు రకాలుగా విడదీసింది. ఒక గుంపులో పిల్లవాడూ, తల్లి లేక తండ్రీ ఇద్దరూ అలవాట్లు మార్చుకోవాలి, ఇద్దరి ప్రయత్నాన్నీ మెచ్చుకుంటారు. రెండో గుంపులో పిల్లవాడొక్కడే లక్ష్యం. మూడో గుంపులో ఫలానావాళ్లు మారాలన్న గురి లేదు. పదేళ్ల తర్వాత వెతికి చూసి 1990లో ఫలితం ప్రకటించారు. అధిక బరువు శాతం మొదటి గుంపు పిల్లల్లో మొదలుపెట్టినప్పటికన్నా 7.5 తగ్గి ఉంది. మూడో గుంపులో 14.3 పెరిగింది. పదేళ్లపాటు నిలబడిన ఫలితం ఈ రంగంలో చాలా అరుదు, అందుకే దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1998లో ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక గుంపులో పిల్లలకు క్లాసులు పెట్టింది, ఇంకో గుంపులో పిల్లల్ని అసలు పిలవకుండా తల్లిదండ్రులకే పెట్టింది. రెండో గుంపు పిల్లలే ఎక్కువ తగ్గారు!

అందుకే "వీడికి మీరే కాస్త చెప్పండి మేడమ్" అని మా గదిలో కూర్చోబెట్టి మీరు బయట ఫోన్ చూసుకుంటే మేం చేయగలిగింది తక్కువ. ఇంట్లో సరుకుల చీటీ రాసేది పదేళ్ల పిల్లవాడు కాదు కదా.

ఎప్‌స్టీన్ వాడిన పరికరం చాలా తేలికైనది, ట్రాఫిక్ లైటు. ఆకుపచ్చ రంగు తిండి ధారాళంగా తినొచ్చు, పసుపు రంగుది కొలతగా, ఎరుపు రంగుది వారానికి ఇన్నిసార్లని లెక్కపెట్టుకుని. మన వంటింట్లో దీన్ని పిల్లలతోనే చేయించండి. తోటకూర, బీరకాయ, దోసకాయ, జామకాయ, పల్చటి మజ్జిగ ఆకుపచ్చలోకి వెళ్తాయి. అన్నం, పప్పు, ఇడ్లీ, గుడ్డు పసుపు. మిరపకాయ బజ్జీ, పునుగులు, చిప్స్, కూల్‌డ్రింకు, ఒంగోలు మైసూర్‌పాకు ఎరుపు. గోంగూర దగ్గర ప్రతి ఇంట్లోనూ తగాదా వస్తుంది. పప్పులో వేస్తే ఆకుపచ్చే, కానీ నూనె పైకి తేలేలా చేసిన పచ్చడిని అందులో కలపకండి. ఎరుపు అంటే నిషేధం కాదని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దాని సంగతి కింద చెబుతాం.

మధ్యలో ఒక మాట. "మనం గుంటూరు కారం తినేవాళ్లం, కారానికి కొవ్వు కరిగిపోతుంది" అనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. మిరపలోని ఘాటు పదార్థం ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కొంచెం పెంచే మాట నిజమే, ఆ కొంచెం మాత్రం చాలా చిన్నది. కారప్పొడిలో వేసుకున్న రెండు గరిటెల నెయ్యి, ఆ మంటకు అదనంగా లాగించిన అన్నం దాన్ని ఎప్పుడో మింగేస్తాయి.

డైరీలో బయటపడే కథ

ఈ చికిత్సలో మొదటి పని వారం రోజులు రాయడం. నాలుగే గడులు: ఎప్పుడు, ఎక్కడ, ఏం, అప్పుడు మనసు ఎలా ఉంది. రాస్తున్నంత కాలం ఎవరూ తిట్టకూడదు. తిడితే రెండో రోజునుంచి డైరీలో దోసకాయ ముక్కలే కనిపిస్తాయి.

ఎనిమిదో తరగతి పిల్లవాడి డైరీ ఒకటి ఊహించుకుందాం. తల్లిదండ్రులది మిరప వ్యవసాయం, జనవరినుంచి కోతలు. అమ్మ చీకటితోనే కూలీలతో చేలోకి వెళ్తుంది, నాన్న టిక్కీలు వేసుకుని యార్డుకు వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో నాయనమ్మ. పిల్లవాడు ఆరున్నర బస్సు ఎక్కాలి కాబట్టి టిఫిన్ సగం తిని వదిలేస్తాడు. పన్నెండున్నరకు లంచ్. తర్వాత బస్సు దిగేది సాయంత్రం ఐదున్నరకు. "సెంటర్లో బజ్జీలు, నాలుగు. ఆకలి." ఏడుకు ట్యూషన్. "బిస్కెట్ ప్యాకెట్. మ్యాథ్స్ రాలేదు." తొమ్మిదిన్నరకు ఇంట్లో ఫోన్ చూస్తూ అన్నం. నాయనమ్మ "చిక్కిపోయావురా" అని మారు వడ్డించింది. ఆదివారం: "బిర్యానీ. నాన్న ఇంట్లో ఉన్నాడు. బాగుంది."

ఇప్పుడు చూడండి. బజ్జీల దగ్గర ఉన్నది నిజమైన ఆకలి. ఐదు గంటలు ఖాళీ కడుపుతో ఉన్న పిల్లవాడికి బజ్జీ బండి ముందు నీతులు చెప్పి లాభం లేదు, నాలుగింటికి తినడానికి బ్యాగులో ఉడకబెట్టిన శనగలో వేరుశనగలో అరటిపండో ఉండాలి. బిస్కెట్ల దగ్గర ఉన్నది లెక్కలు రాని దిగులు. దానికి మందు మ్యాథ్స్ సారుతో మాట్లాడటం. రాత్రి అన్నం దగ్గర ఉన్నది పరధ్యానం, దానితోపాటు నాయనమ్మ ప్రేమ. ఆదివారం బిర్యానీలో ఉన్నది నాన్న. ఆ బిర్యానీని మాన్పిస్తే వాడికి ఏది పోతుందో మీరే ఆలోచించండి. నాలుగు చోట్లా తిండి ఒక్కటే, కారణాలు నాలుగు. డైట్ చీటీ వీటన్నిటికీ ఒకే సమాధానం ఇస్తుంది. అందుకే అది పనిచేయదు.

కౌన్సెలర్లు ఇంకో విషయం వెతుకుతారు, పిల్లల మనసులో తిరిగే వాక్యాలు. "ఒక బజ్జీ తినేశాను, ఈరోజు ఎలాగూ పాడైపోయింది, ఇంకో మూడు తింటే ఏం?" "నేనెప్పటికీ ఇంతే." ఈ రకం ఆలోచనను పట్టుకుని, ఇది నిజమేనా అని పిల్లవాడి చేతే అడిగించడం ఈ చికిత్సలో ప్రధానమైన పని. లెక్కల పరీక్షలో ఒక ప్రశ్న తప్పయితే మిగిలిన ప్రశ్నలు వదిలేసి రావు కదా, అంటే పిల్లలకు ఠక్కున అర్థమవుతుంది.

బహుమతుల సంగతి కూడా చూద్దాం. ర్యాంకు వస్తే పిజ్జా, ఏడుపు ఆపితే చాక్లెట్, ఇంజెక్షన్ చేయించుకుంటే ఐస్‌క్రీమ్. చిన్నప్పటినుంచి సంతోషానికీ బాధకూ ఒకే మందు నేర్పిస్తున్నాం. బహుమతి ఇవ్వండి, అది తినేది కాకుండా చూడండి. సూర్యలంక బీచికి తీసుకెళ్లండి, కొండవీడు కోట ఎక్కించండి, నాన్నతో గంటసేపు షటిల్ ఆడనివ్వండి. రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట కూడా అందులోనే తీరిపోతుంది.

కోసల రాజు భోజనం

ఎరుకతో తినడాన్ని ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. ఇదేదో అమెరికానుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. గుంటూరునుంచి గంట ప్రయాణంలో అమరావతి స్తూపం ఉన్న నేల మనది, కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు.

బౌద్ధుల సంయుత్త నికాయలో దోణపాక సుత్తం అనే చిన్న భాగం ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు పూటకు ఒక దోణం, అంటే పెద్ద కొలపాత్రెడు, బియ్యంతో వండిన అన్నం తినేవాడు. ఒకరోజు అలా తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. బుద్ధుడు ఆయన్ను తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి కలిగే మేలు గురించి ఒక పద్యం చెప్పాడు. రాజు తన వెనక నిలబడ్డ సుదర్శనుడనే యువకుణ్ణి ఆ పద్యం నేర్చుకోమన్నాడు. తాను భోజనానికి కూర్చున్నప్పుడల్లా దాన్ని చదివి వినిపిస్తే రోజుకు నూరు కహాపణాలు ఇస్తానన్నాడు. అలా వింటూ వింటూ రాజు క్రమక్రమంగా ఒక నాళిక కొలతకు దిగాడు. తర్వాత ఒళ్లు తేలికపడి, తన చేతులతో ఒళ్లు నిమురుకుంటూ సంతోషించాడు.

ఈ కథలో నేటి చికిత్సలోని భాగాలన్నీ ఉన్నాయి. తినే సమయానికే గుర్తుచేసే ఒక మాట, ఒక తోడు మనిషి, ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించడం. అన్నిటికన్నా ముఖ్యం, సిగ్గుపడేలా చేయకపోవడం. రాజు జీతమిచ్చింది గుర్తుచేసేవాడికి. కంచం లాగేసేవాణ్ణి ఆయన పెట్టుకోలేదు.

ఆధునిక రూపం 1979లో మొదలైంది. అమెరికాలోని మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ తన దగ్గరికొచ్చిన రోగులకు ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, దాన్ని చూసి, తాకి, వాసన చూసి, నిదానంగా నమలమనేవాడు. జీన్ క్రిస్టెలర్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతిని అదుపు తప్పి తినేవాళ్ల చికిత్సకు మలిచి, 1999లో తొలి ఫలితాలు ప్రచురించింది.

మన ఇంట్లో దీనికి ఎండుద్రాక్ష కూడా అక్కర్లేదు. ఆదివారం భోజనానికి ముందు ఒక్క ముద్దతో చేయండి. ఫోన్లు, టీవీ కట్టేసి అందరూ కూర్చోండి. ముద్దపప్పు, కొంచెం ఆవకాయ కలిపి ముద్ద చేసి, నోట్లో పెట్టుకునే ముందు వాసన చూడమనండి. నమిలేటప్పుడు మొదట ఏది తగిలింది, పులుపా, కారమా, ఉప్పా? ఆవఘాటు ముక్కుకు ఎప్పుడెక్కింది? మింగాక నోట్లో ఏం మిగిలింది? చిన్నపిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, పెద్ద పిల్లలు మొదటిసారి నవ్వుతారు, నవ్వనివ్వండి. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం, వేళ్లకు వేడి తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది. చెంచాలతో తినేవాళ్లకన్నా మనకు ఈ పని సులువు కావాలి. ఎడమ చేతిలో ఫోన్ ఉండటం వల్లనే అది పోయింది.

రెండోది ఆకలి మెట్లు. సున్నా అంటే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, పది అంటే పెళ్లి భోజనం చేసి నడుము వాల్చాలనిపిస్తోంది. తినే ముందు, సగంలో, తిన్నాక "ఎంత?" అని అడగండి. మూడు దగ్గర మొదలుపెట్టి ఏడు దగ్గర ఆపడం అలవాటైతే చాలు. పిల్లవాడు ఏడు అన్నాక మీరు "ఒక్క ముద్దే కన్నా" అన్నారంటే వాడి కడుపు చెప్పిన మాటకన్నా మీ మాటే వినమని నేర్పుతున్నట్టు.

ఎరుకతో తినడం వల్ల కిలోలకు కిలోలు తగ్గుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పరిశోధనల్లో దీని బలం కనిపించింది అదుపు తప్పి తినడం, దిగులుకు తినడం తగ్గించడంలో. బరువు మీద దాని ప్రభావం తక్కువ, ఒక్కో పరిశోధనలో ఒక్కో రకంగా ఉంది. కుటుంబం మొత్తం అలవాట్లు మార్చుకునే పనిలో ఇది ఒక భాగంగా ఉంటేనే విలువ.

కంచం ఖాళీ చేయాలా?

"అన్నం పరబ్రహ్మ స్వరూపం, ఒక్క మెతుకు వదలకూడదు." ఈ మాటకు మేం వ్యతిరేకం కాదు, కానీ అది వడ్డించేటప్పుడు గుర్తు రావాలి. 1987లో లియాన్ బర్చ్ బృందం బడికి పోని వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి కడుపు నిండిందో లేదో గమనించుకోవడం నేర్పారు, కొందరిని కంచం ఖాళీ చేస్తే మెచ్చుకున్నారు. ముందుగా కొంచెం బలమైన చిరుతిండి పెట్టి చూస్తే, మొదటి గుంపు పిల్లలు తర్వాతి తిండి తామే తగ్గించుకున్నారు. రెండో గుంపు పిల్లలకు ఆ తెలివి మసకబారింది. కాబట్టి తక్కువ వడ్డించండి, కావాలంటే మారు అడగనివ్వండి.

పూర్తిగా నిషేధించడం కూడా ఎదురు తిరుగుతుంది. అదే బర్చ్, జెన్నిఫర్ ఫిషర్‌తో కలిసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, కనిపించేలా పెట్టి తిననివ్వని చిరుతిండి మీదే పిల్లల ధ్యాస, అడగడం పెరిగాయి. ఎరుపును నిషేధం చేయొద్దన్నది ఇందుకే. ఇంట్లో డబ్బాలకొద్దీ తెచ్చి పై అరలో దాచి "ముట్టుకోకు" అనడం కన్నా, తేకుండా ఉండి శనివారం సాయంత్రం అందరూ కలిసి వెళ్లి తలా రెండు బజ్జీలు తిని రావడం మేలు.

బడి దగ్గర మా బాధ్యత కూడా ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనూ, గేటునుంచి 50 మీటర్లలోపూ అమ్మకూడదని 2020లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. పిల్లలు తినే వాటిలో చక్కెర ఎంతుందో చూపించే బోర్డులు పెట్టాలని 2025 మేలో సీబీఎస్ఈ తన బడులకు చెప్పింది. మీ క్యాంపస్‌లో ఇవి ఎలా అమలవుతున్నాయో పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. అడగడం మీ హక్కు.

'లడ్డూ', 'బొండం', 'బండోడు'

ముద్దుపేర్లే అంటారు. పెళ్లిళ్లలో పెద్దత్తయ్య బుగ్గ గిల్లి "వీడికి రెండు కుర్చీలు వేయండర్రా" అంటుంది, అందరూ నవ్వుతారు, పిల్లవాడూ నవ్వుతాడు. ఆ రోజు రాత్రి వాడు ఏం తిన్నాడో, ఎవరికీ కనపడకుండా తిన్నాడో లేదో ఎవరూ చూడరు.

అమెరికాలోని మిన్నెసోటాలో 1998లో కొన్ని వేలమంది టీనేజర్లతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. సుమారు 15 ఏళ్ల తర్వాత అదే మనుషుల్ని చూస్తే, బరువు గురించి వేళాకోళానికి గురైనవాళ్లలో ఊబకాయం ఎక్కువగా కనిపించింది. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ల మాటలు కూడా అంతే లోతుగా దిగాయి, దిగులు పుట్టినప్పుడు తినే అలవాటు పెద్దయ్యాక కూడా వాళ్లను వదల్లేదు. సిగ్గుపడితే తగ్గుతాడని మనం అనుకుంటాం. జరిగేది అందుకు తలకిందులు.

ఆడపిల్లలకు ఇంకో భారం ఉంది. "రేపు సంబంధాలు ఎలా వస్తాయే?" అన్న మాట తొమ్మిదో తరగతి పిల్లతో అనకండి. ఆ పిల్ల తిండి మానేస్తుంది, తర్వాత ఆగలేక తింటుంది, మళ్లీ మానేస్తుంది. ఈ చక్రం బయటికి కనపడదు. బంధువులు అంటే అడ్డుపడండి. "మా అమ్మాయి ఒంటి గురించి మాట్లాడొద్దు వదినా" అని పదిమందిలో ఒక్కసారి మీరు అంటే, ఆ మాట వాళ్ల అమ్మాయికి ఏ డైట్ చీటీ ఇవ్వలేనిది ఇస్తుంది.

నిద్ర కూడా తిండే

దీని గురించి ఒక విద్యాసంస్థ న్యూస్‌లెటర్‌లో రాయడం కొంచెం ఇబ్బందే, అయినా రాయాలి. 2004లో చికాగోలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చి చూశారు. ఆకలి పెంచే హార్మోను 28 శాతం పెరిగింది, చాలనిపించే హార్మోను 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పటి చిరుతిళ్ల మీద కోరిక పెరిగింది. పదకొండింటి దాకా చదివి ఐదింటికి లేచే పిల్లవాడు పగలంతా ఏదో ఒకటి నములుతుంటే అది జిహ్వచాపల్యం కాదు. పరీక్షల నెలలో ఒక గంట చదువు తగ్గించి ఒక గంట నిద్ర పెంచమని మేం చెప్పినప్పుడు దయచేసి వాదించకండి.

ఎప్పుడు, ఎవరి దగ్గరికి?

తిండి దాచుకోవడం, రాత్రిళ్లు ఎవరికీ తెలియకుండా తినడం, తిన్నాక బాత్రూమ్‌లో వాంతి చేసుకోవడం, ఉన్నట్టుండి పూటలు మానేయడం, "నేను ఛండాలంగా ఉన్నాను" అని పదేపదే అనడం, బడి ఎగ్గొట్టడం. ఇవి కనిపిస్తే ఇంటి చిట్కాలు ఆపి నిపుణుల దగ్గరికి వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. బయల్దేరే ముందు మాట్లాడాలనుకుంటే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.

ఒకసారి వెళ్లొస్తే అయిపోదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023 మార్గదర్శకాల్లో మూడునుంచి పన్నెండు నెలల్లో కనీసం 26 గంటలు కుటుంబంతో ముఖాముఖి కూర్చోవాలని చెప్పింది. మన దగ్గర అంత సమయం ఇచ్చే చోట్లు తక్కువ, ఇచ్చినా ఏ ఇంటికీ అంత తీరిక ఉండదు. అందుకే ఇంట్లో మీరు చేసేది అంత ముఖ్యం.

2017, 18 ప్రాంతాల్లో తెలుగునాట ఇంటింటా నడిచిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ మీకు గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్లలో దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఎదిగే పిల్లలకు అలాంటివి డాక్టరు లేకుండా ముట్టించకండి. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన వారానికొక ఇంజెక్షన్ల గురించి కూడా ఈ మధ్య అడుగుతున్నారు. అది నిపుణుడైన డాక్టరు మాత్రమే తీసుకోవాల్సిన నిర్ణయం. వాట్సాప్ గ్రూపులో తేలేది కాదు.

ఈ నెలకు ఒక్క పని పెట్టుకోండి. ఒక పాత నోటుబుక్కులో నాలుగు గడులు గీసి వారం రోజులు రాయండి, పిల్లవాడిదొక పేజీ, మీదొక పేజీ. ఎవరి పేజీ వాళ్లే రాయాలి, ఇంకొకరిది దిద్దకూడదు. పేరెంట్స్ మీటింగ్ రోజు ఆ పుస్తకం తీసుకుని మా గదికి రండి. వీలైతే నాయనమ్మను కూడా వెంటబెట్టుకు రండి.